ఎత్తి చూసే అలవాటు

ఒక్కసారే, అది కూడా చూడటానికే, ఎత్తడానికి కాదు అనుకుంటూనే హెబ్రోను గాజుపెట్టె మూత పక్కకు జరిపాడు. నిన్నా ఇదే అనుకున్నాడు. మొన్నా ఇదే. తనతో తాను చేసుకునే ఒప్పందాలు ఎంత వింతవో. ఇటు కూర్చున్నవాడికీ అటు కూర్చున్నవాడికీ అది నిలవదని ముందే తెలుసు, అయినా ఇద్దరూ గంభీరంగా తలూపి లేస్తారు. చూడటానికైతే మూత తీయనక్కరలేదు, పెట్టెకు ముందువైపంతా గాజే. కానీ జిలేబి ఎప్పుడూ అంచున పాము దూరేంత సందు ఉన్న, బోర్లించిన మట్టిచట్టి కిందే ఉంటుంది. చట్టి లేపితే గానీ కనబడదు. లేపాక, కనబడ్డాక, ఊపిరి ఆడుతోందో లేదో తెలియాలంటే వేలు ఆనించాలి. వేలు ఆనించాక...

అరచేతుల్లోకి వచ్చేసింది. ఉండలా చుట్టుకుని, తలను మధ్యలో దాచుకుని.

ఇట్లా చుట్టుకోవడం చూసే కూతురు ఏంజెలిన్ దానికి జిలేబి అని పేరు పెట్టింది. భయపడినప్పుడే ఈ జాతి పాము తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటుందని కూడా ఆ పిల్లే చెప్పింది. మొదటి సంగతి హెబ్రోనుకు బాగా గుర్తుంటుంది. రెండోది గుర్తుకు వచ్చినప్పుడల్లా, మొదట్లో భయమేమో, ఇప్పుడది అలవాటు, అని చిన్న సవరణ చేసుకుంటాడు.

బొటనవేలితో వెన్ను మీద నిమిరాడు. వెన్నెముక తగిలింది. నెల కిందట తగిలేది కాదు. అప్పుడు వీపు గుండ్రంగా, నిండుగా ఉండేది. ఇప్పుడు రెండు వైపులా చర్మం కిందికి జారి, మధ్యలో చిన్న గట్టులా లేచింది. నిన్న కూడా ఇంతే ఉందా? రేపు ఏంజెలిన్ వస్తుంది. ఆ పిల్ల మొట్టమొదట వచ్చేది ఈ పెట్టె దగ్గరికే. తన వేలికి తగిలింది ఆమె వేలికీ తగులుతుంది.

పామును తిరిగి చట్టి కింద పెట్టి, మూత వేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఈ కుర్చీ జూన్ నెల దాకా వాకిట్లో ఉండేది. ఎప్పుడు లోపలికి వచ్చిందో, పెట్టె ముందు ఎప్పుడు స్థిరపడిందో అతనికి తెలియదు. ఇప్పుడు దాని కాళ్ల కింద గచ్చు మీద నాలుగు తెల్లని మచ్చలు పడ్డాయి.

జిలేబి ఆఫ్రికా జాతి పాము, విషం లేనిది, మూడడుగులకు మించదు. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ఏం కావాలన్నా కొనిపెడతానని ఏంజెలిన్‌కు తల్లి రెజీనా మాట ఇచ్చింది. కువైట్‌లో నర్సు ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికోసారి వచ్చే తల్లి, ఫోన్‌లో ఇచ్చే మాటలు కొంచెం పెద్దవిగానే ఉంటాయి. పిల్ల స్కూటీ అడుగుతుందనుకుంది. పిల్ల పాము అడిగింది. చెన్నై నుంచి కాగితాలన్నీ సక్రమంగా ఉన్న పామును తెచ్చుకున్న రోజున జువ్వలదిన్నెలో వాళ్ల వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చింది. పాస్టర్ సమాధానం గారు గృహ కూడికకు వచ్చి, పెట్టెకు ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా కూర్చుని, రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని, "ఈ గృహంలో ఉన్న సమస్త జీవులనూ..." అని కళ్లు తెరిచే ప్రార్థన ముగించాడు. ఏంజెలిన్ నవ్వు ఆపుకోలేక ఓణీ నోట్లో కుక్కుకుంది. అది వేసవి. జూన్‌లో ఆ పిల్ల ఇంటర్ చదవడానికి కావలి హాస్టల్‌కు వెళ్లిపోయింది. పాము మిగిలింది.

వెళ్లే ముందు అన్నీ చెప్పింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన చచ్చిన ఎలుకను గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఐసు వదిలించాలి. పటకారుతో పట్టుకుని అందివ్వాలి. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు వస్తాయి, అప్పుడు ముట్టుకోకూడదు. తిన్నాక రెండు రోజులు అసలే ముట్టుకోకూడదు. మామూలు రోజుల్లో వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, కాసేపు చేతిలోకి తీసుకుంటే చాలు, మనిషి వాసన మరిచిపోకుండా.

"అంతకన్నా ఎక్కువ తీయబాక నాన్నా. దానికి మనం అంటే ప్రేమ ఉండదు. ఓర్చుకుంటుంది, అంతే."

"ప్రేమ లేకుండానే చేతికి చుట్టుకుంటుందా?"

"కింద పడతానని భయం నాన్నా దానికి. అందుకే చుట్టుకుంటుంది."

అప్పుడు అతను నవ్వాడు. ఇప్పుడు ఆ మాట మణికట్టు మీద ఉండిపోయింది. ఇవాళ్టికీ, జిలేబి మెల్లగా ఉండ విప్పుకుని, మణికట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టి నిలిచినప్పుడు అతని లోపల ఏదో సద్దుమణుగుతుంది. రెజీనా వెళ్లాక అతన్ని ముట్టుకునేవాళ్లెవరున్నారు? ఆదివారం చర్చి బయట వందనాలు చెప్పి చెయ్యి కలిపేవాళ్లు. బార్బరు. అంతే. చేతికి కూడా ఆకలి వేస్తుందని ఎవరూ అనరు. కానీ అతను పామును మోయడం మొదలుపెట్టాకే తెలిసింది, ఇన్నాళ్లూ ఆ చెయ్యి పస్తున్నదని. అయితే ఈ నిజాన్ని ఎక్కువసేపు చూడలేదు. అంతకన్నా గౌరవంగా కనిపించే కారణం ఒకటి దగ్గరలోనే ఉంది: ఏంజెలిన్ పాము, పిల్ల తనకు అప్పజెప్పిన ప్రాణం, దానికేమన్నా అయితే? చూసుకోవాలి కదా.

చూసుకోవడం అతని వృత్తి. ఇరవై ఏళ్లుగా రొయ్యల గుంటల మీద టెక్నీషియను. పొద్దున్నే మోటారుసైకిలు మీద కాలువ దాటి గుంటల దగ్గరికి పోతే, గుంటలకు గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ ఉంటాయి, గట్టు మీద కాపలావాడు వెంకయ్య బీడీ దాచుకుంటాడు. మేత చల్లాక ఒక్కో గుంటలో నాలుగు మూలలా వలగుడ్డ బిగించిన చెక్ ట్రేలు దింపుతారు. గంటన్నర, రెండు గంటలకు తాడు పట్టి ట్రే పైకి ఎత్తి చూస్తారు. మేత మిగిలిందా, తినేశాయా. మిగిలితే తగ్గించాలి. తింటే పెంచాలి. ఒక్కపూట ఎత్తి చూడకపోతే గుంట గుంటంతా పోయిన రోజులు అతను చూశాడు. కాబట్టి ఎత్తి చూడటమంటే అతని దృష్టిలో ప్రేమ, బాధ్యత, కూడు, అన్నీ.

రేపు ఏంజెలిన్ వస్తుందనగా ఆ రోజు సాయంత్రం కూడా ట్రే ఎత్తాడు. నాలుగు రొయ్యలు ఎగిరిపడ్డాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు చూశాడు. గాజులాంటి ఒంట్లో, తల నుంచి తోక దాకా పేగు నల్లని దారంలా తెంపు లేకుండా ఉంది. కడుపునిండా తిన్నది.

"ఇంట్లో నాగదేవత ఎట్టుండాది సార్?" అన్నాడు వెంకయ్య, రెండు చేతులూ జోడించి, సగం ఎగతాళిగా, సగం నిజంగానే. "తింటా ఉండాదా?"

"తింటుంది."

"అదృష్టవంతులు. మా ఇంటామె అలిగి రెండు రోజులైంది, నేను తిన్నానో లేదో చూసే దిక్కు లేదు. మీరు పామును అడిగే దాంట్లో సగం నన్ను ఎవురన్నా అడిగుంటే ఈపాటికి లావైపోయుందును."

హెబ్రోను నవ్వి, రొయ్యను నీళ్లలోకి వదిలాడు. గుంటల నుంచి ఇంటికి వచ్చే దారంతా ఆ నల్లని దారం కళ్ల ముందు ఆడింది. రొయ్య ఏదీ దాచుకోలేదు. తిన్నదీ తిననిదీ, జబ్బుదీ ఆరోగ్యందీ, ఎత్తి వెలుతురుకు పట్టుకుంటే చాలు. ఇరవై ఏళ్లు ఇట్లాంటి ప్రాణుల మధ్య గడిపినవాడికి, లోపల కనపడని ప్రాణిని చూస్తే కాళ్లూ చేతులూ ఆడవు. పాము ఒళ్లు లోపల ఏముందో చెప్పదు. పదహారేళ్ల ఆడపిల్ల ముఖం అంతకన్నా చెప్పదు.

పిల్లకు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. "తిన్నావా?" "తిన్నా." "ఏం కూర?" "ఏదో." "ఏదో అంటే?" "దోసకాయ నాన్నా, పెట్టేస్తున్నా." ఆ 'పెట్టేస్తున్నా' అతనికి మేత మిగిలిన ట్రేలా కనిపించేది. తిన్నదో లేదో ఎట్లా తెలియాలి? అందుకని ఒకరోజు హాస్టల్ వార్డెన్‌కు చేశాడు. మరుసటి రోజు మళ్లీ చేశాడు. ఆ తర్వాత అది కూడా ఒక రోజువారీ పని అయింది. వార్డెన్ మంచి మనిషి, విసుక్కోలేదు. ఆ మంచితనంతోనే ఒక మధ్యాహ్నం భోజనాల హాల్లో, అందరి ముందూ, గంటె పైకెత్తి, "ఏంజెలిన్, మీ నాన్న ఫోను! రసం పోసుకుంటున్నావా లేదా చూడమన్నాడమ్మా!" అని కేకేసిందట. ఈ సంగతి అతనికి చాలా రోజుల తర్వాత రెజీనా ద్వారా తెలిసింది.

"పిల్లలందరూ దాన్ని రసం రసం అంటున్నారంట," అంది రెజీనా, కువైట్ నుంచి. "ఏమయ్యా, నీకేమన్నా బుద్ధుందా?"

"తింటుందో లేదోనని..."

"ఇప్పుడు నిజంగానే తినడం లేదు పో. వార్డెన్ ఉన్నప్పుడు హాల్లోకి పోవడం మానేసింది. బిస్కెట్లు తిని పడుకుంటుంది. చాలా, సంతోషమా?"

ఆ రాత్రి నుంచి వార్డెన్‌కు చేయడం ఆపేశాడు. ఆపేసిన చెయ్యి ఊరుకోలేదు. ఏదో ఒకటి ఎత్తి చూడాలి దానికి. ఎదురుగా పెట్టె ఉంది. అంతకుముందు రోజు విడిచి రోజు తీసేవాడు, తర్వాత రోజూ తీయసాగాడు, పొద్దున గుంటలకు పోయే ముందొకసారి, వచ్చాకొకసారి. తీసి చూస్తే పాము బాగానే ఉండేది. మూత వేసిన మరుక్షణం ఆ 'బాగానే' కరగడం మొదలయ్యేది. నమ్మకం చెయ్యి ఆనినంతసేపే ఉండేది. చెయ్యి తీస్తే పోయేది. కాబట్టి మళ్లీ చెయ్యి. దసరా సెలవుల తర్వాత జిలేబి ఎలుకను తీసుకోలేదు. ఆ వారమూ, ఆ తర్వాతి వారమూ. తినడం లేదని భయపడి ఎక్కువసార్లు ఎత్తాడు. ఎక్కువసార్లు ఎత్తుతున్నాడని అది తినడం లేదేమో అన్న ఆలోచన ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రానివ్వలేదు. ఏంజెలిన్ అడిగితే, "చలికాలం కదమ్మా, నువ్వే అన్నావుగా, చలికాలంలో కొన్నాళ్లు మానేస్తాయని," అన్నాడు. అది నిజం కూడా. నిజాన్ని అడ్డం పెట్టుకోవడం అబద్ధం కన్నా సుళువు.

తర్వాత ఒక సాయంత్రం జిలేబి తిన్నది.

పటకారుకున్న ఎలుకను ఒక్క దూకుతో అందుకుని, చుట్టి, నిదానంగా మింగింది. అతను కుర్చీలో కూర్చుని చూస్తూ, చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. వెంటనే పిల్లకు ఫోన్ చేశాడు. "తినింది!" అవతల పిల్ల కేక. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో తన కోసం కేక. "నాన్నా, రెండు రోజులు ముట్టుకోబాక, సరేనా? సరేనా?" "సరే తల్లీ."

తెల్లారి గుంటలకు పోయే ముందు ఒక్కసారి మూత తీశాడు. ఎత్తడానికి కాదు. కడుపు దగ్గర ఉబ్బు ఉందో లేదో చూద్దామని. ఉంది. అది చూస్తే ఎంత సంతోషం! ఆ ఉబ్బును ఒక్కసారి అరచేతిలో మోయాలనిపించింది. తనకు కనపడని లోపలిది చివరికి ఒకసారి చేతికి దొరికింది. మోశాడు. ఎంతసేపు మోశాడో చెప్పలేడు. ఆ బరువు చేతిలో ఉన్నంతసేపూ ఏ భయమూ లేదు.

సాయంత్రం ఇంటి తలుపు తీయగానే వాసన. జిలేబి సగం కరిగిన ఎలుకను కక్కేసి, పెట్టెలో ఒక మూలకు, చట్టికి దూరంగా, ముద్దగా పడి ఉంది. అతను ఎలుకను కాగితంలో చుట్టి ఇంటి వెనక ఇసుకలో పూడ్చాడు. పెట్టె కడిగాడు. గచ్చు కడిగాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాడు. పిల్ల ఫోన్ చేసి, "ఎట్టుంది నా బంగారం?" అని అడిగినప్పుడు, "బాగుంది," అన్నాడు. అంత చిన్న మాటకు గొంతు ఏమీ వణకలేదు. తర్వాత దాని గురించే ఆశ్చర్యపోయాడు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ఎవరి పాపాలు వాళ్లు లోలోపల ఒప్పుకుంటున్న వేళ, అతనికి గుర్తొచ్చిన పాపం పామును ఎత్తుకోవడం. ఇది ఏ లెక్కలోకి వస్తుందో తెలియక, దేవునికి కూడా "బాగుంది" అనే చెప్పినట్టు కూర్చున్నాడు.

అదంతా జరిగి పది రోజులు కావస్తోంది. రేపు ఏంజెలిన్ వస్తుంది.

శనివారం మధ్యాహ్నం వచ్చింది. క్రిస్మస్ నక్షత్రం కట్టడానికే వచ్చింది; డిసెంబరు మొదటి వారంలో ఇంటి ముందు నక్షత్రం వెలగకపోతే ఆ పిల్లకు పండగ రాదు. బస్సు దిగి ఆటోలో వచ్చి, చెప్పులు విడుస్తూనే పెట్టె దగ్గరికి పోయింది. అతను ఆ పిల్ల ముఖం చూశాడు: దవడ కింద ఎముక కనిపిస్తోంది. చేతిగడియారం మణికట్టు మీద జారుతోంది.

"ఏందమ్మా, ఇట్టయిపోయినావు?"

"ఎట్టయిపోయినాను? బాగున్నాను." తల తిప్పకుండానే అంది. చట్టి లేపింది. రెండు చేతులతో, తొందర లేకుండా, జిలేబిని ఎత్తుకుంది. బొటనవేలు వెన్ను మీదుగా ఒకసారి పోయి ఆగింది. వెనక్కి వచ్చి అక్కడే ఆగింది.

"నాన్నా, ఇది కక్కిందా?"

"లేదే."

పిల్ల అతని వైపు చూడలేదు. పామును తిరిగి చట్టి కింద పెట్టి, మూత వేసింది. అప్పుడు కుర్చీని చూసింది. కుర్చీ కాళ్ల కింద గచ్చు మీద ఉన్న తెల్ల మచ్చలను కూడా చూసింది. నక్షత్రం ఎక్కడ పెట్టావని అడిగి, అటక మీద నుంచి తీయించి, దుమ్ము దులిపి, లోపల బల్బు వేసి చూసుకుంది. అతను నిచ్చెన పట్టుకున్నాడు, పిల్ల ఎక్కి కట్టింది. అంతసేపూ హాస్టల్ కబుర్లు చెప్పింది, తన పక్క మంచం పిల్ల కెజియా నిద్రలో ఫిజిక్సు సూత్రాలు అప్పజెబుతుందని. మామూలుగానే మాట్లాడింది. ఆ మామూలుతనమే అతనికి ఊపిరాడనివ్వలేదు. కోప్పడితే బాగుండును. తాను "లేదే" అన్నప్పుడు ఆ పిల్ల నమ్మలేదని ఇద్దరికీ తెలుసు. ఆ తెలిసినదాని చుట్టూ ఇద్దరూ జాగ్రత్తగా నడుస్తున్నారు.

రాత్రికి చేపలపులుసు చేశాడు. ఎదురుగా కూర్చుని, పిల్ల కంచం చూస్తున్నాడు. ముద్ద కలుపుతోంది. ముద్ద తీసిందా, పెట్టిందా. పులుసు ఎక్కువైందా. ముల్లు తీస్తోందా, లేక తీస్తున్నట్టు చేసి పక్కకు నెడుతోందా. అతనికి తెలియకుండానే కొంచెం ముందుకు వంగాడు.

ఏంజెలిన్ చెయ్యి ఆపింది.

"నేనేమన్నా రొయ్యల గుంటనా నాన్నా?"

"ఏమి?"

"రెండు గంటలకోసారి ట్రే ఎత్తి చూస్తావే, అట్లా చూస్తా ఉండావు." నవ్వుతూనే అంది, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకని నవ్వు ఇంకొంచెం పెంచింది. "ముద్ద దిగదు నాన్నా, ఎవురన్నా చూస్తా ఉంటే. నిజంగా దిగదు. అలక కాదు. గొంతు దగ్గర ఆగిపోతుంది. నాకే అర్థం కాదు ఎందుకో."

అతను చూపు దించుకున్నాడు. దించుకున్న చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గోడవైపు, గోడ నుంచి పెట్టె వైపు పోయింది. ఇరవై ఏళ్ల నుంచి తాను ప్రేమ అనుకుంటూ వచ్చిన పనికి అవతలివైపు ఎట్లా ఉంటుందో ఎవరూ ఇంత దగ్గరగా కూర్చుని చెప్పలేదు. రొయ్యలు చెప్పవు. పాము ఎప్పటి నుంచో చెబుతోంది, తల దాచుకుని, ఎలుకను వదిలేసి, చివరికి కక్కి. అతను దాని కదలకపోవడాన్ని ఇష్టం అనుకున్నాడు. ఈ పిల్ల "పెట్టేస్తున్నా" అన్నదాన్ని మొండితనం అనుకున్నాడు.

"కక్కింది," అన్నాడు.

ఏంజెలిన్ తలెత్తింది.

"తిన్న మర్నాడు పొద్దున ఎత్తినాను. కడుపు చూద్దామని. సాయంత్రానికి కక్కేసింది. ఇసుకలో పూడ్చినాను." ఆగాడు. ఇంకా ఉంది. "ఆ ఒక్కరోజే కాదు. రోజూ తీస్తున్నాను. రెండుసార్లు. నీకు బాగుంది, బాగుంది అని చెప్పినాను."

పిల్ల మెతుకులు వేలితో ఒక పక్కకు పోగు చేసింది. ఆమె అరుస్తుందేమోనని చూశాడు. అరిస్తే బాకీ తీరినట్టుంటుందని కూడా అనిపించి, ఆ ఆశకు సిగ్గుపడ్డాడు.

"ఇంకోసారి కక్కిందంటే బతకదు నాన్నా," అంది చివరికి, చిన్న గొంతుతో. "దానికి శక్తి లేదు ఇప్పుడు."

"నువ్వు తీసుకుపో దాన్ని. ఎవరికన్నా ఇచ్చెయ్. నా దగ్గర వద్దు."

"హాస్టల్‌కి పామును తీసుకుపోతే వార్డెన్ గుండె ఆగి చస్తుంది." ముక్కు ఎగబీల్చి నవ్వింది. తర్వాత నవ్వు లేకుండా, "ఇప్పుడే ఏమీ పెట్టకూడదు. వచ్చే శనివారం పెట్టాలి. చిన్నది, బొటనవేలంత ఎలుక. నాకు పరీక్షలు, నేను రాలేను. నువ్వే పెట్టాలి. అప్పటిదాకా మూత తీయకూడదు. నీళ్లగిన్నె మార్చడానికి తప్ప."

"నేనా?"

"ఇంకెవురు? వెంకయ్యకు చెప్పనా, హారతిచ్చి మరీ పెడతాడు." కంచం తీసుకుని లేచింది. "చట్టి ముందు పెట్టి, గుడ్డ కప్పేసి, నువ్వు బయటికెళ్లిపో. చూస్తా నిలబడితే తినదు. తెల్లారిందాకా గుడ్డ తీయబాక. తిన్నదో లేదో తెలియకపోతే తెలియకపోనీ."

కంచంతో వంటింటి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "నేను తినేసి వస్తా, నువ్వు ఇక్కడే కూర్చో," అంది.

అతను కూర్చున్నాడు. వంటింట్లోంచి కంచం చప్పుడు, నీళ్ల గ్లాసు చప్పుడు వినిపించాయి. చెవులను కూడా దించుకోవడం చేతనైతే బాగుండుననుకున్నాడు.

ఆదివారం పిల్ల వెళ్లిపోయింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "నేనే చేస్తా ఫోన్," అంది. అంటే నువ్వు చేయవద్దని. ఆ వారంలో చేసింది కూడా, తనకు తోచినప్పుడు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. అతను ఒక్కసారి కూడా తిన్నావా అని అడగలేదు. అడగని ప్రశ్న నోట్లో చేపముల్లులా ఉంది. మింగలేక, ఉమ్మలేక, నాలుకతో అటూ ఇటూ తోసుకుంటూ, "పరీక్ష ఎట్లా రాశావు" అనేవాడు. గుంటల మీద ట్రేలు ఎత్తుతూనే ఉన్నాడు. అక్కడ ఎత్తాలి. ఎక్కడ ఎత్తాలో ఎక్కడ వద్దో చేతికి తెలియదు. మనిషి చెబుతూ ఉండాలి. ఇంట్లో పెట్టె ముందు కుర్చీలో చేతులు మోకాళ్ల కింద పెట్టుకుని కూర్చునేవాడు. నీళ్లగిన్నె మార్చడానికి తప్ప మూత తీయలేదు. కానీ కూర్చున్నాడు, ప్రతి సాయంత్రం, చట్టి వైపు చూస్తూ. ముట్టుకోకుండా చూడటం కూడా ఒక రకం ముట్టుకోవడమే కదా అని ఒకరోజు అనిపించింది. అయినా మరుసటి రోజు మళ్లీ కూర్చున్నాడు.

శనివారం పొద్దుగూకే వేళ, చిన్న ఎలుకను గోరువెచ్చని నీళ్లలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, పటకారుతో పట్టుకున్నాడు. మూత జరిపాడు. చట్టి లేపలేదు. దాని సందు ముందు, ఇసుక రంగు కాగితం మీద ఎలుకను దించాడు. చట్టి లోపల చీకటి. ఆ చీకటిలో ఏదన్నా కదిలిందా? తెలియలేదు. మూత వేశాడు. రెజీనా వదిలివెళ్లిన పాత శాలువను పెట్టె మీద పరిచి, నాలుగు వైపులా కిందికి లాగాడు. గాజు కనిపించకుండా పోయింది.

అంతే పని. అయిపోయింది.

అతను కుర్చీలో కూర్చున్నాడు. చెవి ఆనిస్తే వినిపిస్తుందేమో. వినడం చూడటం కాదు కదా. ఏంజెలిన్ వినొద్దని అనలేదు. శాలువ అంచు ఒక చోట కొంచెం పైకి లేచి ఉంది, సరిచేయాలి, గాలి దూరితే పెట్టె అడుగున ఉన్న హీటరు వేడి తగ్గుతుంది. సరిచేయడానికి అంచు పట్టుకుంటే, పట్టుకున్న చెయ్యి ఒక్క వేలెడంత ఎత్తితే, ఒక్క క్షణం, ఎలుక అక్కడే ఉందో లేదో తెలిసిపోతుంది. తెలిస్తే ఎంత హాయి. చెయ్యి అప్పటికే ముందుకు పోయి శాలువ మీద ఆనింది. ఉన్ని కింద గాజు వెచ్చదనం. అవతల, అంత దగ్గరగా, ఒక ప్రాణి తినాలో వద్దో అని ఆలోచిస్తూ ఉండవచ్చు. లేదా ఇతను ఎప్పుడు లేస్తాడా అని ఎదురుచూస్తూ ఉండవచ్చు. గచ్చు మీద కుర్చీ కదిలిన అదురు దానికి ఒంటితో తెలుస్తుందని ఏంజెలిన్ ఒకసారి చెప్పింది. అంటే అతను ఇక్కడ ఉన్నాడని దానికి తెలుసు. ఎప్పుడూ తెలుసు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎలుక వాసన ఉంది వేళ్లకు. ఆ వాసనతోనే, కడుక్కోవడం కూడా మరిచి, లేచి నిలబడ్డాడు.

తర్వాత వంగి, నేలకు రాసుకుని చప్పుడు కాకుండా, కుర్చీని రెండు చేతులతో ఎత్తాడు. గుమ్మం దాటించి, వాకిట్లో నక్షత్రం కింద, వీపు ఇంటివైపు ఉండేట్టు తిప్పి వేశాడు.